బావ 15వ క్రోమోజోము మీద ఆ అదనపు ముక్క ఎక్కడిది?

ప్రశ్న: సార్, నమస్తే. మాది హన్మకొండ. ఎమ్మెస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా అక్కను జగిత్యాల దగ్గర ఇచ్చాం. రెండుసార్లు మూడో నెల నిండకుండానే గర్భం పోయింది. డాక్టరమ్మ చెబితే అక్కాబావలిద్దరి రక్తం కేరియోటైప్ (క్రోమోజోముల లెక్క, ఆకారం చూసే పరీక్ష) కోసం హైదరాబాద్ పంపించారు. అక్కది నార్మల్. బావ రిపోర్టులో మాత్రం ‘46, ఎక్స్‌వై, 15పీ ప్లస్. సీ-బ్యాండింగ్, నార్ స్టెయినింగ్ చేయించగలరు’ అని రాసి ఉంది. ఇంట్లో ఒకటే టెన్షన్. ఇన్నాళ్లూ అక్కను మాటలన్నవాళ్లు ఇప్పుడు బావ ముందు నోరు విప్పడం లేదు. తెలిసిన ల్యాబ్ ఆయన ‘సీ, నార్ అన్నీ పాతకాలం రంగులు. పైసలు దండగ. నేరుగా ఫిష్ చేయించండి, లేదంటే మైక్రోఅరే’ అంటున్నాడు. మా క్లాసులో జీ, క్యూ, ఆర్, సీ అని ఒక పట్టిక రాయించారు. పరీక్షలో రాశాను గానీ ఏది ఎప్పుడు వాడతారో నాకు నిజంగా తెలియదు. బావకు ఏది చేయించాలి? నా ప్రాజెక్టుకు వీటిలో ఏదైనా కాలేజీలో చేయగలనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: ముందు ఈ మాట ఇంట్లో చెప్పండి. ఆ రిపోర్టులో జబ్బు పేరేమీ లేదు. 15వ క్రోమోజోము జతలో ఒకదాని పొట్టి చేయి (‘పీ’ అంటే అదే) మామూలు కంటే కాస్త పొడుగ్గా కనిపించింది, అదేమిటో ఈ ఒక్క రంగుతో చెప్పలేం అని ల్యాబ్ వాళ్లు నిజాయితీగా రాశారు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకుండా మరో రెండు స్టెయిన్లు అడగడం మంచి ల్యాబ్ లక్షణం. వాళ్లు అడిగిన ఆ రెండూ సరైనవే. మీ ల్యాబ్ ఆయన సలహాతో నేను ఏకీభవించను. ఎందుకో వివరంగా చెబుతాను, మీరు చదివేది కూడా ఇదే కాబట్టి.

మనిషి క్రోమోజోముల్లో 13, 14, 15, 21, 22 ఒక తెగ. వీటిని అక్రోసెంట్రిక్ అంటారు. క్రోమోజోము నడుములాంటి సెంట్రోమియర్ దాదాపు ఒక కొసకు ఉంటుంది కనుక పొట్టి చేయి నామమాత్రం. ఆ పొట్టి చేతిలో సెంట్రోమియర్ దగ్గర కొంత హెటిరోక్రొమాటిన్ (దట్టంగా ముడుచుకున్న, జన్యువులు దాదాపు లేని డీఎన్‌ఏ), దానిపైన సన్నటి కాడ, కాడ చివర సాటిలైట్ అనే చిన్న బొడిపె ఉంటాయి. కాడలో రైబోజోముల ఆర్‌ఎన్‌ఏకు సంబంధించిన జన్యువులు వరసగా పదేపదే ఉంటాయి. ఈ పది పొట్టి చేతుల పొడవు మనిషికీ మనిషికీ తేడాగా ఉంటుంది. ఒకరికి కాడ పొడుగు, ఒకరికి సాటిలైట్ పెద్దది, ఒకరికి అసలు కనిపించదు. వెయ్యి మందిలో సుమారు ఒకరికి ఇలాంటి రెండు క్రోమోజోములు అతుక్కుని, ఆ క్రమంలో రెండు పొట్టి చేతులూ పోయి, మొత్తం లెక్క 45కు వస్తుంది. రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అని మీరు చదివే ఉంటారు. వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. పిల్లల విషయంలో ఇబ్బంది రావచ్చు గానీ, పొట్టి చేతులు పోయినందువల్ల ఒంటికి వచ్చే నష్టం ఏమీ ఉండదు. మిగతా అక్రోసెంట్రిక్‌ల మీద ఆ జన్యువుల నకళ్లు సరిపడా ఉంటాయి.

కాబట్టి బావ 15 మీద కనిపించిన అదనపు ముక్క నాలుగు రకాల్లో ఏదైనా కావచ్చు. ఒకటి, ఆ క్రోమోజోముదే హెటిరోక్రొమాటిన్ ఎక్కువగా ఉండడం. రెండు, కాడ గానీ సాటిలైట్ గానీ పెరగడం. మూడు, వై క్రోమోజోము పొడుగు చేతి చివర ఉండే హెటిరోక్రొమాటిన్ వచ్చి ఇక్కడ అతుక్కోవడం. వినడానికి భయంగా ఉన్నా ఇది తెలిసిన సంగతే. వైకీ, మిగతా క్రోమోజోములకూ మధ్య జరిగే మార్పిడుల్లో 15తో జరిగేది అందరికంటే తరచుగా కనిపిస్తుంది. తండ్రి నుంచి కొడుక్కీ కూతురికీ కూడా వస్తూ తరాల పాటు మామూలుగా సాగిపోయిన కుటుంబాలు ఉన్నాయి. ఈ మూడింటిలో ఏదైనా సరే, సాధారణంగా గర్భం పోవడానికి దాన్ని కారణంగా చూపరు.

నాలుగోది మాత్రం వేరు. ఇంకో క్రోమోజోము కొసనుంచి జన్యువులున్న ముక్క తెగి 15 పొట్టి చేతికి అతుక్కుని ఉండొచ్చు. బావలో లెక్క సరిపోతుంది కాబట్టి ఆయనకు ఏమీ కాదు. వీర్యకణాల్లో పంపకం జరిగేటప్పుడు కొన్నింటికి ముక్క ఎక్కువ, కొన్నింటికి తక్కువ వెళ్తుంది. అలాంటి పిండాలు చాలాసార్లు నిలవవు. బావలో లాగా ముక్క చోటు మారినా లెక్క సరిపోయే స్థితిని బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. పదేపదే గర్భం పోయే జంటల్లో నూటికి రెండు నుంచి ఐదు జంటల్లో ఎవరో ఒకరిలో ఇలాంటిది దొరుకుతుంది. మనం తేల్చుకోవాల్సిందల్లా ఇది ఆ నాలుగోదా, కాదా అన్నదే. ఏ స్టెయిన్ వేసినా ఈ ప్రశ్నకు ఎంత దగ్గరగా తీసుకెళ్తుందో చూసి వేయాలి.

ఇప్పటికే చేసిన జీ-బ్యాండింగ్‌తో ఎందుకు తేలలేదు? అందులో స్లైడును కొన్ని క్షణాలు ట్రిప్సిన్‌లో ముంచి జీమ్సా రంగు వేస్తారు. ఏ, టీ బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు) ఎక్కువగా ఉండి జన్యువులు పలచగా ఉన్న భాగాలు ముదురుగా, జీ, సీ ఎక్కువగా ఉండి జన్యువులు దట్టంగా ఉన్నవి లేతగా వస్తాయి. 1971లో ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ ఆసుపత్రిలో పనిచేసిన మరీనా సీబ్రైట్ ఈ ట్రిప్సిన్ పద్ధతిని ప్రచురించాక ప్రపంచమంతా పాకింది. మామూలు మైక్రోస్కోపు చాలు, స్లైడు ఏళ్ల తరబడి నిలుస్తుంది, 46 క్రోమోజోములూ ఒకేసారి కనిపిస్తాయి. అంతకుముందు 13, 14, 15 మూడింటినీ కలిపి ‘డీ గ్రూపు’ అనడమే తప్ప ఏది ఏదో విడదీసి చెప్పడం దాదాపు అసాధ్యం. మీ బావ కేసు 1965లో వచ్చి ఉంటే ‘డీ గ్రూపులో ఒకటి పొడుగ్గా ఉంది’ అని రాసి ఊరుకునేవారు.

కానీ మామూలు రక్తపు కేరియోటైప్‌లో ఒక సెట్టుకు 400 నుంచి 550 వరకు చారలు వస్తాయి. మొత్తం 300 కోట్ల బేసుల్ని అన్ని చారలకు పంచి చూడండి, ఒక్కో చారలో సుమారు యాభై ఐదు నుంచి డెబ్బై ఐదు లక్షల బేసులు పడతాయి. అంతకంటే చిన్న ముక్క మారితే జీ-బ్యాండింగ్‌కు చిక్కకపోవచ్చు. పైగా ఈ అక్రోసెంట్రిక్ పొట్టి చేతుల దగ్గర చారల నమూనా అంటూ ఏమీ ఉండదు, బూడిదరంగు మచ్చలా ఉంటుంది. మచ్చ పెద్దదైందని చెప్పగలం గానీ అది ఏ సరుకుతో పెద్దదైందో చెప్పలేం. ఇంకో కష్టం కూడా ఉంది. చాలా క్రోమోజోముల కొసలు జీ-బ్యాండింగ్‌లో లేతగా వస్తాయి. అక్కడ చిన్న ముక్క తెగిపోయినా తెలియదు. మన నాలుగో అనుమానం సరిగ్గా అక్కడే దాక్కునే రకం.

ఇక సీ-బ్యాండింగ్. దీన్ని ‘పాతకాలం రంగు’ అన్న మాటకు కొంచెం చరిత్ర చెప్పాలి. 1969లో మేరీ లూ పార్డ్యూ, జోసెఫ్ గాల్ అనే శాస్త్రవేత్తలు ఒక పని మొదలుపెట్టారు. తమకు తెలిసిన డీఎన్‌ఏ ముక్కకు రేడియోధార్మిక గుర్తు పెట్టి, స్లైడు మీది కణాల్లో దాని జత ఎక్కడుందో అక్కడికే వెళ్లి అతుక్కునేలా చేశారు. ఇవాళ మీ ల్యాబ్ ఆయన అమ్ముతున్న ఫిష్‌కు తాత అదే. రేడియోధార్మికత పోయి ఫ్లోరోసెంట్ రంగు వచ్చింది, అంతే తేడా. 1970లో ఎలుక క్రోమోజోముల మీద ఆ ప్రయోగం చేస్తున్నప్పుడు, డీఎన్‌ఏ పోగులు విడదీయడానికి వాడిన రసాయనాల తర్వాత జీమ్సా వేస్తే సెంట్రోమియర్ల దగ్గర మాత్రమే ముదురుగా వస్తోందని గమనించారు. మరుసటి ఏడాదే అరిగీ, షూ దాన్ని మనిషి క్రోమోజోములకు పనికొచ్చేలా చేశారు. అంటే సీ-బ్యాండింగ్, ఫిష్ ఒకే ప్రయోగశాల బల్ల మీద పుట్టినవి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అనే వాదన అక్కడే తేలిపోతుంది.

సీ-బ్యాండింగ్‌లో స్లైడును ముందు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, తర్వాత బేరియం హైడ్రాక్సైడ్‌లో, ఆపైన వెచ్చటి ఉప్పు ద్రావణంలో ఉంచుతారు. మామూలు డీఎన్‌ఏ చాలావరకు కరిగి వెళ్లిపోతుంది. దట్టంగా ముడుచుకుని ఉండే, పదేపదే అవే అక్షరాలున్న హెటిరోక్రొమాటిన్ మిగిలి రంగు పట్టుకుంటుంది. ప్రతి సెంట్రోమియర్ దగ్గరా చుక్కలు వస్తాయి. 1, 9, 16 క్రోమోజోముల పొడుగు చేతుల మొదట్లో, వై పొడుగు చేతి చివర పెద్ద ముద్దలు వస్తాయి. మిగతాదంతా పాలిపోయి నీడలా ఉంటుంది. ఏది ఏ క్రోమోజోమో గుర్తుపట్టడం కష్టం కూడా. కానీ బావ 15 పైన ఉన్న ఆ ముక్క నల్లగా వచ్చిందంటే అది హెటిరోక్రొమాటిన్, జన్యువులు లేని సరుకు. నాలుగో అనుమానం దాదాపు పోయినట్టే. ఈ ఒక్క స్లైడుతో ఇంట్లో టెన్షన్ సగం దిగుతుంది.

ఈ పద్ధతి ఎంత పనికొస్తుందో మరో కేసుతో చెబుతాను, ఇది మీ అక్కాబావలకు సంబంధించింది కాదు. రిపోర్టుల్లో ‘ఇన్వర్షన్ 9’ అని కనిపించి పెళ్లి సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు మన దగ్గర లేకపోలేదు. 9వ క్రోమోజోము సెంట్రోమియర్ పక్కనున్న హెటిరోక్రొమాటిన్ ముద్ద అటునుంచి ఇటు తిరిగి ఉండటమే అది. నూటికి ఒకరిద్దరిలో, కొన్ని జనాభాల్లో ఇంకాస్త ఎక్కువ మందిలో ఉంటుంది. సీ-బ్యాండ్ స్లైడులో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. దాన్ని జబ్బుగా లెక్కగట్టరు. అయినా రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఆ మాట నోటితో చెప్పేవాళ్లు తక్కువ.

నార్ అంటే కాడల్లో ఆ రైబోజోము జన్యువులుండే చోటు, దాన్ని చూపే స్టెయినింగ్ అంటే వెండి. సిల్వర్ నైట్రేట్‌ను జెలటిన్, ఫార్మిక్ ఆమ్లం కలిపిన ద్రవంతో స్లైడు మీద వేసి వేడి చేస్తే రెండు మూడు నిమిషాల్లోనే క్రోమోజోములు పసుపుగా, వాటి కాడల దగ్గర నల్లటి చుక్కలుగా వస్తాయి. చూడటానికి అన్ని స్టెయిన్లలో ఇదే అందంగా ఉంటుందని నా అభిప్రాయం. ఇక్కడ పుస్తకాల పట్టికలు చెప్పని విషయం ఒకటి ఉంది. వెండి పట్టుకునేది డీఎన్‌ఏని కాదు. కణం విభజనకు ముందు ఆ రైబోజోము జన్యువులు పనిచేసి ఉంటే వాటి దగ్గర మిగిలే ప్రొటీన్లను పట్టుకుంటుంది. అంటే జన్యువులు ఉన్నా అవి నిద్రలో ఉంటే చుక్క రాదు. పది అక్రోసెంట్రిక్‌లలో పదింటికీ చుక్కలు రావడం అరుదు. అందుకని ‘వెండి పట్టింది, కాబట్టి అది కాడే’ అనొచ్చు గానీ, ‘పట్టలేదు, కాబట్టి కాడ కాదు’ అని ఒక్క నార్ చూసి తీర్పు చెప్పకూడదు.

సీ, నార్ రెండూ కలిపి చూడమని రాసింది ఇందుకే. సీ నల్లగా వచ్చి, వెండి చుక్క దాని కింద మామూలు చోటే ఉంటే సాటిలైట్ పెద్దదని. సీ పెద్దగా పట్టక వెండి చుక్కలు పెద్దగా గానీ రెండు వరసల్లో గానీ వస్తే కాడ పెరిగిందని. రెండూ పట్టకపోతే అప్పుడు జాగ్రత్త పడాలి, జన్యువులున్న ముక్క అయ్యే అవకాశం ముందుకొస్తుంది.

సీ నల్లగా వచ్చినా ఒక ప్రశ్న మిగులుతుంది, ఆ హెటిరోక్రొమాటిన్ 15దేనా, వైదా? సీ-బ్యాండింగ్‌కు ఇంటిపేర్లు తెలియవు, అన్ని హెటిరోక్రొమాటిన్‌లనూ ఒకేలా నలుపు చేస్తుంది. ఇక్కడ క్యూ-బ్యాండింగ్ అక్కరకొస్తుంది. 1970లో స్వీడన్‌లో కాస్పర్‌సన్ బృందం క్వినాక్రిన్ మస్టర్డ్ వేసి అతినీలలోహిత కాంతిలో చూసి మనిషి క్రోమోజోములన్నింటినీ తొలిసారి ఒక్కొక్కటిగా గుర్తుపట్టింది ఈ రంగుతోనే. దానికి వై పొడుగు చేతి చివర అంటే మహా ఇష్టం, మిగతా అన్నింటికంటే కాంతివంతంగా మెరుస్తుంది. విభజనలో లేని కణాల్లో కూడా వై ఒక మెరిసే చుక్కలా కనిపిస్తుంది. బావ 15 పైన అంతటి మెరుపు కనిపిస్తే వైని అనుమానించాలి. చిక్కేమిటంటే సాటిలైట్లు కూడా కొందరిలో బాగా మెరుస్తాయి, ఆ మెరుపు చూస్తుండగానే మాసిపోతుంది, వెంటనే ఫొటో తీయాలి. అందుకే క్యూ చేసే ల్యాబులు ఇప్పుడు తక్కువ.

డిస్టమైసిన్-డాపీ అని ఇంకొకటుంది. 1, 9, 16ల హెటిరోక్రొమాటిన్, 15 పొట్టి చేయి, వై చివర, ఇవి మాత్రమే మెరిసేలా చేస్తుంది. 15ను మిగతా అక్రోసెంట్రిక్‌ల నుంచి విడదీయడంలో గట్టిది. గుర్తు తెలియని చిన్న అదనపు క్రోమోజోము ఒకటి దొరికినప్పుడు అది 15 నుంచి పుట్టిందా అని చూడటానికి చాలాకాలం దీన్నే నమ్ముకున్నారు. కానీ బావ విషయంలో ఇది పెద్దగా పనికిరాదు. 15 అయినా మెరుస్తుంది, వై అయినా మెరుస్తుంది. పేరు గొప్పది కదా అని పైసలు పెట్టొద్దు.

ఆర్-బ్యాండింగ్ సంగతి క్లుప్తంగా. 1971లో ఫ్రాన్స్‌లో ద్యూత్రియో, లెజూన్ తెచ్చారు. వేడి బఫర్‌లో ఉంచి జీమ్సా వేస్తే జీ-బ్యాండ్‌లకు తలకిందులుగా వస్తుంది. కొసలు ముదురుగా వస్తాయి కాబట్టి కొసల్లో తెగిందా లేదా చూడటానికి జీ కంటే మేలు. ఇక్కడి ల్యాబుల్లో అడిగినా చేసేవాళ్లు దొరకడం కష్టం.

ఇక ఫిష్. మీ ల్యాబ్ ఆయన్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ‘ఏ ప్రోబ్‌తో?’ ఫిష్ అనేది ఒక పరీక్ష కాదు. ఏ డీఎన్‌ఏ ముక్కను ప్రోబ్‌గా వాడితే దాని జత ఉన్నచోట మాత్రమే మెరుస్తుంది. జీ-బ్యాండింగ్ ఊరి నక్షా లాంటిదైతే, ఫిష్ ఒక్క సర్వే నంబరు పట్టుకుని వెళ్లి హద్దులు కొలవడం లాంటిది. నంబరు సరైనదైతే లక్ష రెండు లక్షల బేసుల ముక్కను కూడా పట్టిస్తుంది. తప్పు నంబరు ఇస్తే ‘అంతా బాగుంది’ అని కాగితం ఇస్తుంది. సమస్య పక్క చెలకలో అలాగే ఉంటుంది.

ఇది ఊరికే అనడం లేదు. గర్భిణుల పరీక్షల్లో ఎక్కువగా వాడే ఫిష్ సెట్టులో 13, 18, 21, ఎక్స్, వై ప్రోబ్‌లు మాత్రమే ఉంటాయి. అందులో 15 లేనే లేదు. బావ రక్తానికి అదే సెట్టు వేసి ‘ఫిష్ నార్మల్’ అని ఇస్తే మీకు తెలిసేది సున్నా. అందులో వై ప్రోబ్ ఉంది కదా అనొచ్చు. అది వై సెంట్రోమియర్‌కు అతికేదైతే, మనకు కావాల్సిన పొడుగు చేతి చివరను చూడనే చూడదు.

బావకు ఫిష్ అవసరం పడితే అడగాల్సినవి ఇవి. సీ నల్లగా వచ్చి వైదని అనుమానముంటే వై పొడుగు చేతి హెటిరోక్రొమాటిన్‌కు అతికే ప్రోబ్. సీ, నార్ రెండూ పట్టకపోతే, ముందు 15వ క్రోమోజోమంతటికీ రంగు వేసే పెయింట్ ప్రోబ్. అదనపు ముక్కకు ఆ రంగు అంటలేదంటే అది బయటిది కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను, ఎందుకంటే పెయింట్‌లు పొట్టి చేతులకు సరిగ్గా అంటవు. అప్పుడు అన్ని క్రోమోజోములకూ వేర్వేరు రంగులు వేసే ఎం-ఫిష్ గానీ, కొసలకు అతికే సబ్‌టెలోమియర్ ప్రోబ్‌లు గానీ దాని సొంత ఊరు చెబుతాయి. ముక్క తెగిపోయిన చోటును జీ-బ్యాండ్ ఫొటోల్లో మళ్లీ వెతకడం కూడా మరవకూడదు. ముక్క ఇక్కడ చేరిందంటే ఎక్కడో ఒకచోట కొస తగ్గి ఉండాలి.

మైక్రోఅరే గురించి. అది ఎక్కువ తక్కువలు లెక్కపెడుతుంది. చోటు మారిందా అన్నది దానికి తెలియదు. బావలో లెక్క సరిపోయి చోటు మాత్రమే మారి ఉంటే, అంటే మనం భయపడుతున్నది సరిగ్గా అదే అయితే, అరే రిపోర్టు నార్మల్ అనే వస్తుంది. హెటిరోక్రొమాటిన్, కాడలు కూడా దాని లెక్కలోకి రావు. ఖరీదైన పరీక్ష కదా అని నిబ్బరపడి కూర్చుంటే మోసపోతాం. దానికి సరైన చోటు వేరే ఉంది, కింద చెబుతాను.

ఆచరణకు వద్దాం. ముందు హైదరాబాద్ ల్యాబుకు ఫోన్ చేసి రెండు అడగండి. ఒకటి, ‘15పీ ప్లస్’ అంటే వాళ్ల ఉద్దేశం ఏమిటని. అంతర్జాతీయ రాత పద్ధతి ప్రకారం సాటిలైట్ పెరిగితే ‘పీఎస్ ప్లస్’, కాడ పెరిగితే ‘పీఎస్‌టీకే ప్లస్’, ఎక్కడిదో తెలియని ముక్క అయితే ‘యాడ్’ అని రాస్తారు. ఉత్త ‘పీ ప్లస్’ పాత అలవాటు, అర్థం తేలదు. రెండు, బావ కణాల ఫిక్స్ చేసిన పెల్లెట్ ఫ్రీజరులో ఉందా అని. మిథనాల్, ఎసిటిక్ ఆమ్లంలో పెట్టిన కణాలను ల్యాబులు సాధారణంగా కొంతకాలం దాచి ఉంచుతాయి. ఉంటే మళ్లీ రక్తం ఇవ్వక్కర్లేదు, దాంతోనే కొత్త స్లైడులు వేసి సీ, నార్, కావాలంటే ఫిష్ కూడా చేయొచ్చు. మంచి ల్యాబైతే ఒకే స్లైడు మీద ముందు జీ చేసి ఫొటో తీసి, రంగు కడిగేసి, అదే కణానికి సీ చేస్తుంది. అప్పుడు నల్లటి ముద్ద 15దేనా, 14దా అన్న సందేహమే ఉండదు. వరస మాత్రం మెత్తటి పద్ధతి ముందు, మొరటుది చివర. సీలో డీఎన్‌ఏ చాలా పోతుంది కనుక దాని తర్వాత ఇంకేదీ సరిగ్గా రాదు.

మళ్లీ రక్తం ఇవ్వాల్సి వస్తే సోడియం హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబులోనే తీయించండి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబు దీనికి మంచిది కాదు. కణాలు బతికి ఉండి మూడు రోజులు కల్చర్‌లో పెరగాలి. ఐస్ మీద గడ్డకట్టించొద్దు, ఎండాకాలం బండి డిక్కీలో పెట్టి కాజీపేట స్టేషన్ దాకా తీసుకెళ్లొద్దు. తీసిన రోజే బయల్దేరాలి.

వీటితో పాటు పనికొచ్చే పరీక్ష ఇంకొకటుంది, బావ నాన్నగారి కేరియోటైప్. ఆయనలోనూ అదే 15 అలాగే ఉందంటే, ఆయనకు పిల్లలు పుట్టి ఆరోగ్యంగా ఉన్నారంటే, అది ఇంటి ఆనవాలు అనుకునే వీలుంది. ఆయనలో లేకపోతే అమ్మగారిలో చూడాలి. ‘ఎవరి తప్పో తేల్చడానికి’ అన్నట్టు కాకుండా అడిగే నేర్పు మీ ఇంట్లో ఎవరికి ఉందో వాళ్లతో అడిగించండి. మీ అక్క అత్తమ్మతో వద్దు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ కూడా తండ్రి నుంచి రావచ్చు. అందుకే సీ, నార్ ఫలితం పక్కన పెట్టుకునే దీన్ని చదవాలి.

అక్క సంగతి వదిలేయకండి. బావ రిపోర్టు దొరికింది కదా అని మిగతా పరీక్షలు ఆపేయడం నేను చూసే పెద్ద పొరపాటు. మూడు నెలల్లోపు పోయే గర్భాల్లో సుమారు సగం పిండంలోనే క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. 16వ క్రోమోజోము మూడు ఉండటం వాటిలో ఎక్కువగా కనిపించే ట్రైసోమీ. తల్లిదండ్రులిద్దరి కేరియోటైప్‌లూ నార్మల్‌గా ఉన్న ఇళ్లలోనే ఇది ఎక్కువ జరుగుతుంది, తప్పు ఎవరిదీ కాదు. దేవుడు మేలు చేసి మళ్లీ అలా జరగకూడదు గానీ, జరిగితే ఆ కణజాలాన్ని ఫార్మలిన్‌లో వేయకుండా స్టెరైల్ సెలైన్‌లో పంపమని డాక్టరమ్మకు ముందే చెప్పి ఉంచండి. మైక్రోఅరేకు సరైన చోటు అది. థైరాయిడ్, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, గర్భాశయం ఆకారం చూసే స్కాన్ అయ్యాయో లేదో అక్కను అడగండి. మేనరికమైతే అది వేరే లెక్క. ఒకే ఒక్క జన్యువులో ఉండే లోపాలు ఈ రంగుల్లో దేనికీ కనిపించవు, దానికి జెనెటిక్ కౌన్సెలింగ్ కావాలి. హైదరాబాద్ బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం నడిపే జెనెటిక్స్ సంస్థ ఉంది, నిమ్స్‌లోనూ వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టుకుని వెళ్లండి.

మీ ప్రాజెక్టు. సీ-బ్యాండింగ్, నార్ రెండూ కాలేజీ ల్యాబులో చేయదగ్గవే. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు అక్కర్లేదు, నూనెతో చూసే వంద రెట్ల లెన్సు, 37 డిగ్రీల ఇంక్యుబేటర్, వాటర్ బాత్ ఉంటే చాలు. ఖర్చంతా కల్చర్ మీడియం, ఫైటోహీమగ్లుటినిన్, కాల్సెమిడ్‌ల దగ్గరే. బేరియం హైడ్రాక్సైడ్‌ను అప్పటికప్పుడు కలిపి వడకట్టి వాడండి. పాతబడితే పైన తెల్లటి పొర కట్టి, అది స్లైడు మీద పడి అన్నీ క్రోమోజోముల్లాగే కనిపిస్తాయి. వెండి వేసే రోజు గ్లౌజులు మరవొద్దు, వేళ్లకు పడ్డ నలుపు వారం దాకా పోదు. మనుషుల రక్తం వాడుతున్నారు కాబట్టి ముందు మీ విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ అనుమతి, ఇచ్చేవాళ్ల రాతపూర్వక సమ్మతి తీసుకోండి. ఎవరిలోనైనా ఏదైనా తేడా కనిపిస్తే వాళ్లకు చెప్పాలా వద్దా, ఎవరు చెప్పాలి అన్నది ఆ సమ్మతి పత్రంలోనే రాసి ఉండాలి.

బావ స్లైడు మాత్రం మీరు చేయకండి. ఆ పెల్లెట్ హైదరాబాద్‌లోనే ఉండనివ్వండి. రిపోర్టు వచ్చాక సీ, నార్ ఫొటోలు కూడా అడిగి తీసుకోండి. వాక్యాలు మాత్రమే ఇస్తే సరిపోదు.